అడిగితే ఉంది, వరసలో లేదు

కొత్తగా ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంటున్న పిల్లలకి ఒక పడవ గురించి చెప్పాలని చాలా కాలంగా అనుకుంటున్నాను. మీ పాఠాల్లో ఆ సంగతి ఒక్క వాక్యంగా వస్తుంది: పెట్టెలో ఉన్నవాటిని వరసగా చూసుకుంటూ పోతున్నప్పుడు మధ్యలో వాటిని తీసెయ్యకూడదు అని. పరీక్షకి ఆ వాక్యం చాలు. నాకు అది పుదుచ్చేరిలో, ఎనభైల నడుమ, ఒక తుఫాను రోజున తెలిసింది.

మాది ఆ ఊళ్ళోనే ఒర్లియంపేట. నాన్న మిల్లులో పనిచేసేవాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగే గాని బడిలో చదివింది తమిళం, ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు నేను ఉద్యోగం నుంచి దిగిపోయాక, తీరిగ్గా నేర్చుకున్నాను. కాబట్టి ఇందులో గుణింతం తప్పులు కనిపిస్తే మన్నించండి. లెక్క తప్పులు కనిపిస్తే మాత్రం మన్నించవద్దు.

డిప్లొమా అయ్యాక సముద్రానికి దగ్గరలో ఉన్న ఒక ప్రభుత్వ కార్యాలయంలో ప్రోగ్రామరుగా చేరాను. మత్స్యకారుల వ్యవహారాలు చూసే ఆఫీసు అది. అక్కడ కంప్యూటరు ఒక్కటే ఉండేది. దానికోసం కార్యాలయంలో ఒకే ఒక చల్లటి గది కట్టారు, మాకోసం కాదు. ఆ గదిలో పనిచేసేది నేనూ, మా సీనియరూ. ఆయనది బజారులో పాత్రల దుకాణం నడిపే తెలుగు కుటుంబం. ఇంట్లో వాళ్ళు దుకాణంలో కూర్చోమంటే వినకుండా మద్రాసు వెళ్ళి చదువుకుని వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా వేసుకునేవాడు, ఎంత ఉక్కగా ఉన్నా పైగుండీ తీసేవాడు కాడు. తన ప్రోగ్రాము ఎవరైనా చదువుతుంటే పక్కనే నిలబడి వాళ్ళ మొహం చూసేవాడు.

గది బయట టెలిఫోన్ల దగ్గర ఒక అక్క కూర్చునేది. ఆమెదీ ఒర్లియంపేటే. వాళ్ళ నాన్నా మా నాన్నా మిల్లులో ఒకే షిఫ్టు. తమిళం, తెలుగు, కాస్త ఫ్రెంచి కూడా ఒకే గొంతుతో మాట్లాడేది. వీళ్ళందరి మీదా మా పెద్దాఫీసరు. మద్రాసు నుంచి వచ్చిన తమిళాయన. మంచివాడే గాని ఏ ప్రశ్నకైనా ఒక కాగితం మీద ఒక జవాబు కావాలి ఆయనకి.

అంతకు ముందు ఒక ఏడాది తుఫానులో, ఏ పడవ వచ్చిందో ఏది రాలేదో తెలియక ఒడ్డంతా గందరగోళమైంది. అందుకని పెద్దాఫీసరు ఒక పద్ధతి పెట్టించారు. ప్రతి పడవకీ, దుంగలు కట్టి చేసిన కట్టుమరానికీ ఒక నంబరు. గాలి హెచ్చరిక ఉన్న రోజుల్లో వేటకి పోయిన పడవల నంబర్లు ఊరూరి నుంచి మాకు ఫోనులో చెప్పాలి. తిరిగి వచ్చినప్పుడూ చెప్పాలి. మేం వాటిని కంప్యూటరులో పెట్టి, ఇంకా సముద్రంలో ఉన్నవాటిని అచ్చు తీసి ఇవ్వాలి. దాన్నిబట్టి హార్బరు లాంచి వెతకడానికి పోతుంది.

ఆ ప్రోగ్రాము మా సీనియరు రాశాడు. మీ మాటల్లో చెప్పాలంటే పడవ నంబరు కీ. దాని పక్కన ఉండే సంగతి, అంటే ఏ ఊరిది, సముద్రంలో ఉందా ఒడ్డుకొచ్చిందా అన్నది, వాల్యూ. మీకిప్పుడు భాషే ఇచ్చే పెట్టెలు ఉన్నాయి. మాకు బేసిక్ భాషలో రెండు వరసలు పక్కపక్కన పెట్టుకోవడమే గతి. ఆ పెట్టెని రెండు రకాలుగా చూడొచ్చు. ఒక నంబరు ఇచ్చి దాని సంగతి అడగొచ్చు. లేదా మొదటి నుంచి చివరిదాకా ఒక్కొక్క నంబరునీ దాని సంగతినీ చూసుకుంటూ పోవచ్చు. అచ్చు తీసేటప్పుడు చేసేది రెండోది. అలా పోతూ, సముద్రంలో ఉన్న పడవైతే కాగితం మీద కొట్టడం, ఒడ్డుకొచ్చినదైతే పెట్టెలోంచి తీసేసి కింద ఉన్నవాటిని ఒక మెట్టు పైకి జరపడం. మిషనుకి జ్ఞాపకశక్తి తక్కువ, అందుకని అవసరం తీరినవి ఎప్పటికప్పుడు తీసెయ్యాలి. ఆ ఆలోచన ఆ రోజుల్లో తెలివైనదే.

పద్ధతి మొదలుపెట్టే ముందు ఒకసారి రిహార్సల్ చేశాం. పడవలన్నీ వెళ్ళినట్టు ఎక్కించాం. అన్నీ వచ్చేసినట్టు గుర్తు పెట్టాం. అచ్చు తీశాం. ప్రింటరు గరగరమని ఒక ఖాళీ కాగితం బయటికి తోసింది. పెద్దాఫీసరు ఆ ఖాళీ కాగితం పైకెత్తి చూసి మురిసిపోయారు. అందరం చప్పట్లు కొట్టాం. ఆ రోజు అందరికీ బాదం పాలు.

నవంబరులో వాయుగుండం వస్తోందని రేడియో చెప్పిన రోజు ఉదయానికే కొన్ని పడవలు వేటకి పోయాయి. గాలి అనుకున్నదానికన్నా ముందే వచ్చింది. పొద్దున్నుంచీ ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. అక్క నంబర్లు చెబుతుంటే నేను ఎక్కించేదాన్ని. దక్షిణాన తేంగాయితిట్టు నుంచి పడవలు గుంపులు గుంపులుగా చేరిన కబురు వచ్చింది. ఉత్తరాన పిళ్ళైచావడి వైపు అలలు ఇళ్ళ దాకా వస్తున్నాయని కూడా అక్కే చెప్పింది. సీనియరు మధ్యమధ్య అచ్చు తీసి పెద్దాఫీసరు బల్ల మీద పెట్టేవాడు. ఒక్కొక్క కాగితం పొట్టిదవుతూ వచ్చింది. భోజనాల వేళ దాటాక తీసిన కాగితం ఖాళీగా వచ్చింది.

పెద్దాఫీసరు కుర్చీలో వెనక్కి వాలారు. వెతకడానికి పోయిన లాంచిని హార్బరుకి వచ్చెయ్యమని వైర్లెస్సులో చెప్పించారు. అందరూ చేరారని ఊళ్ళలో మైకులో చెప్పమన్నారు. సీనియరు ఆ రోజు మొదటిసారి పైగుండీ తీసి విసురుకున్నాడు.

అప్పుడు ఒకామె వచ్చింది. పిళ్ళైచావడి నుంచి కొంత దూరం బస్సులో, బస్సు ఆగిపోయిన చోట నుంచి నడిచి వచ్చిందట. చీర మొత్తం ఒంటికి అతుక్కుపోయి ఉంది. వయసులో నాకన్నా కొంచెం పెద్దదేమో. తమిళంలో మాట్లాడింది. గట్టిగా కాదు, గాలికి అలసిపోయిన గొంతుతో.

“అందరూ వచ్చేశారని మైకులో చెప్పారు. మా ఆయనా మా తమ్ముడూ రాలేదు.”

పెద్దాఫీసరు ఆమెకి కుర్చీ చూపించారు. ఆమె కూర్చోలేదు.

“వేరే ఊరి ఒడ్డున దిగి ఉంటారమ్మా. గాలి అటూ ఇటూ తోస్తోంది గదా. కాగితంలో ఎవరూ మిగల్లేదు” అన్నారాయన.

“ఏ ఊళ్ళో దిగారు?”

ఆయన మా గది వైపు చూశారు. నేను ఆమెని పడవ నంబరు అడిగాను. ఆమెకి చదువు రాదు గాని పడవ మీద వేసిన నంబరు నోటికి వచ్చు. అది టైపు చేసి ఆ ఒక్క పడవ సంగతీ అడిగాను. నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి: పిళ్ళైచావడి, సముద్రంలో.

సీనియరు నా భుజం మీద నుంచి చూశాడు. బల్ల మీది ఖాళీ కాగితం తెచ్చి మళ్ళీ చూశాడు.

“ఏందిది? కాగితంలో లేదు గదా.”

“వరసలో లేదు సార్. అడిగితే ఉండాది.”

“నువ్వేమన్నా ఇప్పుడు ఎక్కించినావా?”

“లేదు సార్. పొద్దున ఎక్కించిందే.”

ఆయన మొహంలో రంగు మారింది. “సరి, మళ్ళా ఒకసారి అచ్చు తీస్తా. జరుగు.”

నేను కుర్చీలోంచి లేవలేదు. అంత ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. ఆమె తలుపు దగ్గర నిలబడి ఉంది, ఆమె పాదాల చుట్టూ నేల మీద నీళ్ళు పరుచుకుంటున్నాయి. నాకు అదే కనిపిస్తోంది.

“వద్దు సార్. అచ్చు తీసిన ప్రతిసారీ పెట్టె మారిపోతుంది. ఇప్పుడు ఎట్ల ఉందో అట్లనే చదవల్ల. ఈ ఒక్క పడవేనా, ఇంకా ఉండాయా తెలియాల.”

“ఎంతసేపు చదువుతావు? ఆడ ఆయన కాసుకోనుండాడు.”

“ముందు ఆయనకి చెప్పండి సార్. లాంచిని ఆపమనండి.”

“ఏమని చెప్పేది? మిషను రెండు మాటలు చెప్తా ఉండాదనా? నా ప్రోగ్రామే నాకు తెలీదనా?”

నేనే లేచి పెద్దాఫీసరు దగ్గరికి వెళ్ళాను. అంతకు ముందు ఆయన బల్ల ముందు నిలబడి ఎప్పుడూ మాట్లాడింది లేదు. లాంచిని వెనక్కి పంపాలని చెప్పాను.

“ఆ లాంచిలో కూడా మనుషులున్నారమ్మా,” అన్నారాయన. “ఈ గాలిలో వాళ్ళని మళ్ళీ పంపాలంటే నాకు ఖాయంగా తెలియాలి. కాగితం ఖాళీగా ఉంది. మీరే ఇచ్చారు.”

“కాగితంలో లేదంటే వచ్చినట్టు కాదు సార్. ఆ పడవ వచ్చిందని మనకి ఎవరూ చెప్పలేదు.”

ఆయన టెలిఫోన్ల వైపు తిరిగారు. “నీకెవరైనా చెప్పారా?” అని అక్కని అడిగారు.

“లేదు సార్,” అంది అక్క. ఆమె అప్పటికే పిళ్ళైచావడికి మళ్ళీ ఫోను కలపడానికి చూస్తోంది. లైను తెగిపోయింది.

పెద్దాఫీసరు ఆ ఖాళీ కాగితాన్ని పక్కకి నెట్టి వైర్లెస్సు మనిషిని పిలిచారు. లాంచి హార్బరు నోటి దాకా వచ్చేసింది. ఉత్తరానికి తిప్పమన్నారు. “ఇంకెవరైనా ఉన్నారేమో తొందరగా తేల్చండి,” అని మాత్రం నాతో అన్నారు.

నేను గదిలోకి వచ్చేసరికి సీనియరు నా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అచ్చు తియ్యలేదు. పెట్టెలో ఉన్నవాటిని ఏదీ మార్చకుండా తెర మీదికి తెచ్చి చదువుతున్నాడు. నేను పక్కన నిలబడ్డాను. ఆయన నంబరు చదివితే నేను సంగతి చదివేదాన్ని.

మొదట్లోనే ఒక వింత కనిపించింది. ఒడ్డుకి చేరిన పడవలు ఇంకా పెట్టెలోనే ఉన్నాయి. వాటిని తీసెయ్యాల్సింది ఆ ప్రోగ్రామే, తియ్యలేదు. అన్నీ కాదు, కొన్ని. ఆయన చదవడం ఆపేశాడు. వేలు తెర మీద పెట్టి ఒక వరస నుంచి ఇంకో వరసకి జరిపాడు. మళ్ళీ జరిపాడు.

“ఒకటి తీసేస్తే కిందది పైకి వస్తాది,” అన్నాడు, నాతో కాదు, తనతోనే. “నేను ఆడ్నే నిలబడి దాన్ని చూడల్ల. చూడకుండా ముందుకి పోయినా.”

మా వీధిలో కుళాయి దగ్గర బిందెల వరస ఉండేది. దాన్ని తలుచుకుంటే మీకు సులువుగా అర్థమవుతుంది. కుళాయి దగ్గర మొదలుపెట్టి వరస పక్కన నడుస్తూ, నిండిన బిందె ఉంటే తీసేస్తున్నారనుకోండి. ఒకటి తీయగానే వెనక ఉన్నవి అన్నీ ఒక అడుగు ముందుకి జరుగుతాయి. తీసిన బిందె చోటుకి దాని వెనకదే వచ్చి చేరుతుంది. అదే సమయంలో మీరూ ఒక అడుగు వరస చివరి వైపు వేస్తే, కొత్తగా వచ్చి చేరిన ఆ బిందెని మీరు చూడనే చూడరు. ఒడ్డుకొచ్చిన పడవ తరవాత ఏ పడవ ఉన్నా, అది మా కంట పడకుండా జారిపోయింది. అన్నీ ఒడ్డుకొచ్చేసిన రిహార్సల్లో, జారిపోయినవి కూడా ఒడ్డున ఉన్నవే కాబట్టి ఖాళీ కాగితమే వచ్చింది. మేం చప్పట్లు కొట్టాం.

చివరిదాకా చదివితే ఇంకొక పడవ కూడా సముద్రంలోనే ఉన్నట్టు తేలింది. అది దక్షిణం వైపు ఊరిది. సీనియరు ఆ నంబరు తీసుకుని తనే పెద్దాఫీసరు దగ్గరికి వెళ్ళాడు. తలుపు తెరిచే ఉంది. “తప్పు ప్రోగ్రాములో ఉంది సార్, ప్రోగ్రాము నాది,” అనడం మాకు వినిపించింది. పెద్దాఫీసరు ఏమన్నారో వినిపించలేదు. సీనియరు బయటికి వచ్చి నేరుగా కీబోర్డు ముందు కూర్చున్నాడు.

“ఇప్పుడే సరిచేస్తారా సార్?” అన్నాను.

“ఇప్పుడే. వరసని కింద నుంచి పైకి నడిపిస్తా. అప్పుడు ఏది తీసినా జరిగేవి నేను చూసేసినవే. నువ్వు పక్కన కూసోని ప్రతి అక్షరమూ చూడు. నన్ను నమ్మబాకు.”

మారింది ప్రోగ్రాములో ఒక్క లైనే. ఆయన టైపు చేశాడు, నేను చదివాను. తరవాత ఒక పక్క నిజమైన పెట్టెని కదిలించకుండా ఉంచి, వేరే ఫ్లాపీలో ఉత్తుత్తి పడవలు ఎక్కించాం. ఈసారి అన్నిటినీ ఒడ్డుకి చేర్చలేదు. ఒకటి ఒడ్డున, ఒకటి సముద్రంలో, రెండు ఒడ్డున, రెండు సముద్రంలో, ఇలా మనసుకొచ్చినట్టు పెట్టాం. కాగితం మీద ఒక్కటీ తప్పిపోలేదు.

ఈలోగా అక్క ఆ పిళ్ళైచావడి ఆమెకి పొడి తుండు ఇచ్చి తన కుర్చీలో కూర్చోబెట్టింది. వేడి టీ తెప్పించింది. ఆమె గ్లాసు పట్టుకుంది గాని తాగలేదు. వైర్లెస్సు గరగరమన్నప్పుడల్లా అటు చూసేది.

దక్షిణం వైపు పడవ దానంతట అదే చేరింది. ఆ ఊళ్ళో ఫోను పడిపోయి కబురు ఆలస్యమైందంతే. ఉత్తరం వైపు వెళ్ళిన లాంచికి, బోల్తా పడిన కట్టుమరం ఒకటి వెలుగు తగ్గకముందే కనిపించింది. దాన్ని పట్టుకుని ఒక్కడే ఉన్నాడు. ఆమె తమ్ముడు.

కబురు ఆమెకి చెప్పింది అక్క. తలుపు పక్కన నిలబడి నేను విన్నాను. “మీ తమ్ముడు దొరికినాడు,” అంది. ఆమె గ్లాసు జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది. “మా ఆయన?” అని అడగలేదు. లేచి, తుండు మడిచి కుర్చీ మీద వేసి, లాంచి ఏ ఒడ్డుకి వస్తుందని మాత్రం అడిగింది. పెద్దాఫీసరు తన జీపులో పంపించారు. అక్క తోడు వెళ్ళింది.

ఆమె భర్త చెయ్యి ఎప్పుడు జారిందో తమ్ముడు చెప్పలేకపోయాడు. మా ఖాళీ కాగితానికి ముందా, తరవాతా. లాంచి వెనక్కి తిరగకుండా నేరుగా వెళ్ళుంటే ఏమై ఉండేది. ఈ ప్రశ్నకి జవాబు నా దగ్గర లేదు. ఎవరి దగ్గరా లేదు. పైకి పంపిన నివేదికలో పెద్దాఫీసరు వాతావరణం వల్ల ఆలస్యం అని రాశారు. అందులో అబద్ధం లేదు, నిజమూ పూర్తిగా లేదు.

సీనియరు రాజీనామా చేస్తాడని అందరూ అనుకున్నారు. దుకాణం ఎలాగూ ఉంది. ఆయన మానలేదు. పొద్దున్నే వచ్చి తను అంతకు ముందు రాసిన ప్రోగ్రాములన్నీ ఒక్కొక్కటిగా తీసి, ఎక్కడెక్కడ వరసలో నడుస్తూ తీసేస్తున్నాడో వెతికాడు. దొరికిన చోటల్లా నన్ను పిలిచి చూపించాడు. చొక్కా మడత మాత్రం ఎప్పటిలాగే ఉంది.

కర్మలన్నీ అయ్యాయని తెలిశాక ఒక రోజు నా బల్ల దగ్గరికి వచ్చాడు.

“నేను పిళ్ళైచావడికి పోతా ఉండా. ఆమెకి చెప్పల్ల. నువ్వు వస్తావా?”

“ఆఫీసరు గారికి తెలుసా సార్?”

“చెప్పినా. వద్దన్నాడు. నేను పోతా ఉండా.”

ఇద్దరం బస్సులో వెళ్ళాం. సముద్రం ఏమీ ఎరగనట్టు ఉంది. ఆమె ఇంటి ముందు ఇసకలో తమ్ముడు వలకి పడిన చిరుగులు అల్లుకుంటున్నాడు. ఆమె లోపల నుంచి వచ్చి, నన్ను గుర్తుపట్టి, చాప వేసింది. ఆయన కూర్చోలేదు. నిలబడే, తమిళంలో, ఏదీ దాచకుండా చెప్పాడు. ఆ రోజు కాగితం తప్పు. అది తప్పుగా రావడానికి కారణం తను రాసినది. దానివల్ల లాంచి కొంత దూరం వెనక్కి వచ్చింది. క్షమించమని అడగలేదు. అడిగే హక్కు లేదని తరవాత బస్సులో నాతో అన్నాడు.

తమ్ముడు వల వదిలేసి లేచి నిలబడ్డాడు. ఒక్క క్షణం నాకు భయమేసింది. ఆమె చెయ్యెత్తి వాణ్ణి ఆపింది. సముద్రం వైపు చూసింది. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. తిట్టినా మేం నిలబడాల్సిందే.

“ఇప్పుడు ఆ మిషను మళ్ళీ అట్లా చెప్పదా?” అని అడిగింది.

“చెప్పదు,” అన్నాడాయన.

ఆమె నా వైపు తిరిగింది. “నువ్వు చెప్పు.”

నేను ప్రతి అక్షరం చదివాను. నాకు తెలుసు. “చెప్పదక్కా,” అన్నాను.

“వీడు వచ్చే వారం నుంచి మళ్ళీ పోతాడు. వద్దంటే వినడు. ఇంట్లో ఇంకెవరున్నారు పోవడానికి?” ఆమె తమ్ముడి భుజం మీద చెయ్యి వేసింది. “కొత్త కట్టుమరం. దాని నంబరు వేరే. రాసుకో.”

సీనియరు చొక్కా జేబులోంచి పెన్ను తీశాడు. కాగితం కోసం వెతుక్కున్నాడు, దొరకలేదు. ఎడమ అరచెయ్యి చాపి, ఆమె ఒక్కొక్క అంకె చెబుతుంటే దాని మీద రాసుకున్నాడు. రాసింది ఆమెకి పైకి చదివి వినిపించాడు. ఆమె సరే అన్నాక చెయ్యి మూసుకున్నాడు.